చుక్క కారని బండి

మా ఎడారి మకాంలో, ఇల్లులాంటి బళ్ళలో చలికాలం గడపడానికి వచ్చేవాళ్ళందరికీ ఒకటే జబ్బు. తమ బండి కప్పు కారుతుందని చచ్చినా ఒప్పుకోరు. గోడ ఉబ్బితే ఎండదెబ్బ అంటారు. పరుపు కింద బూజు పడితే వంట ఆవిరి అంటారు. "చెమ్మ, అంతే" అని చెప్పుకుని తిరగడం మాకు అలవాటైపోయింది. నా బండిలోనూ మంచం పక్క చెక్క అప్పడంలా పొంగితే, దాని మీద క్యాలెండరు తగిలించి ఊరుకున్నాను. అరిజోనాలో వాన పడేదే అరుదు కాబట్టి మా పరువుకి పెద్దగా ఢోకా ఉండదు.

అలాంటి చోటికి వెర్లీన్ ఒక డొక్కు కారులో వచ్చింది. వెనక సీట్లో దుప్పటి, ముందు సీట్లో కాఫీ గిన్నె. నెబ్రాస్కాలో ఏదో బడి వంటింట్లో జీవితమంతా పిల్లలకి వండి పెట్టిన మనిషి. మొగుడు పోయాక ఆ ఇల్లు అతని మొదటి భార్య కొడుకులదని తేలింది. అక్క తన ఇంటి నేలమాళిగలో మంచం వేసి ఇచ్చింది. మంచం పక్కనే బట్టలుతికే మిషను. అక్కకి, బావకి, వాళ్ళ పిల్లలకి, ఎవరికి ఎప్పుడు మాసిన బట్టలు గుర్తొస్తే అప్పుడు మెట్లు దిగి వచ్చేసేవారట. పైనుంచి ఒక్క కేక వినపడితే ఈవిడ చేతిలో పని వదిలేసి పరిగెత్తేదట. ఇప్పుడు చేతిలో ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఒక చిన్న మోటర్‌హోమ్ కొనుక్కుని, ఏడాది పొడుగునా అందులోనే ఒంటరిగా బతకాలని వచ్చింది. రెండోది కొనే తాహతు లేదు. కొన్నది కారిందా, కుళ్ళిందా, మళ్ళీ ఆ మిషను పక్క మంచమే గతి.

సంగతి తెలిసిన మరుక్షణం మావాళ్ళు సలహాలతో ఆవిడ మీద పడ్డారు. సాయంత్రమయ్యేసరికి ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చి మంట చుట్టూ చేరడం మాకు ఆనవాయితీ. క్లిఫర్డ్ అని ఒకాయన ఉన్నాడు. ఉన్నది ఒక్కడు, బండి బస్సంత, లోపల రెండు సోఫాలు, రెండు టీవీలు. దాన్ని మలుపు తిప్పాలంటే ఆయనకి గుండెదడ, అందుకని సరుకులకి కూడా ఎవరో ఒకరి కారెక్కి వెళ్తాడు. ఆ మహానుభావుడు "పెద్దది కొను తల్లీ, చిన్నదాంట్లో ఊపిరాడదు" అని ఉపదేశం. నేనేం తక్కువ తిన్నానా? నా బండి చేసిన కంపెనీదే కొనమని నూరిపోశాను. క్యాలెండరు ఊసు మాత్రం ఎత్తలేదు. వెర్లీన్ అందరి మాటా విని, తలూపి, అందరి గిన్నెలూ తుడవడానికి లేచేది.

ఊళ్ళో బళ్ళ దుకాణానికి నేనే తోడు వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి మెరిసిపోయే కొత్త బండి తలుపు తీసి, ముందు ఉత్తుత్తి మంట చూపించాడు. కరెంటు పొయ్యిలో ఎర్ర దీపాలు రెపరెపలాడుతున్నాయి. తర్వాత గ్లాసులు పెట్టుకునే గుంటలు చూపించాడు. పన్నెండున్నాయి, ఒక్క మనిషికి. నాకు ఆ మంట తెగ నచ్చిందని సిగ్గు లేకుండా చెబుతున్నాను. వెర్లీన్ అదేమీ చూడలేదు. మంచం మీద పడుకుని, లేచి, చీకట్లో తడుముకుంటున్నట్టు కళ్ళు మూసుకుని పాయిఖానా దాకా నడిచింది. రాత్రి ఎవరైనా బయట అల్లరి చేస్తే కిందకి దిగకుండా స్టీరింగు దగ్గరికి పోగలనా అని చూసుకుంది. పోలేకపోయింది, మధ్యలో ఆ పొయ్యి అడ్డం. సొరుగు లాగితే పిడి ఊడి చేతిలోకొచ్చింది. లోపల ఉన్నవి మేకులు కూడా కావు, కాగితాలకి కొట్టే పిన్నుల్లాంటివి. పైకప్పు ఎలా అతికించారని అడిగితే ఆయన నవ్వి, ఈ ఎడారిలో వాన పడదు కదమ్మా అన్నాడు. పిడి ఆయన చేతిలో పెట్టి వెర్లీన్ దిగిపోయింది. దారి పొడుగునా నేను ఆ మంట గురించే మాట్లాడాను.

మా మకాంలో అందరి కళ్ళూ పడ్డ బండి ఒకటుంది, బర్ల్‌ది. పాతదే, పొట్టిదే, మామూలు కారు నిలిపే చోట నిలుస్తుంది. కానీ పైకప్పూ గోడలూ కలిపి ఒకే ఫైబర్‌గ్లాస్ గుల్ల, గుడ్డు పెంకులా ఎక్కడా అతుకు లేదు. సొరుగులు గట్టి ప్లైవుడ్‌వి, అన్నీ మరమేకులతో బిగించినవి. బర్ల్ భార్య పోయాక కూడా అందులోనే కాపురం. ఇప్పుడు చూపు ఆనక లైసెన్సు తీసేసుకున్నారు. కొడుకు చలికాలం అయ్యాక వచ్చి టూసాన్‌లో తన ఇంటికి తీసుకెళ్తాడు. అంచేత అమ్మకానికి పెట్టాడు. అమ్మకం అంటే అమ్మకమా అది, పిల్లనిచ్చే తంతు. తలుపు గట్టిగా వేశాడని ఒకణ్ణి పంపేశాడు. కిటికీ తెరల రంగు మారుస్తామన్నందుకు ఒక జంటని పంపేశాడు. వచ్చినవాళ్ళని ఆయన ప్రశ్నలడగడమే గానీ, ఆయన్ని అడిగిన పాపాన ఎవడూ పోలేదు.

వెర్లీన్ వెళ్ళి ఏమీ అడగలేదు. నిచ్చెన తెచ్చుకుంది, తన నీళ్ళ డబ్బాలు తెచ్చుకుంది, ఎక్కి పైకప్పు మీద పొయ్యడం మొదలుపెట్టింది. మాకు నీళ్ళంటే ఏమనుకున్నారు? ఊళ్ళోంచి మోసుకురావాలి. కంచాలు ముందు కాగితంతో తుడిచాకే కడుగుతాం. అలాంటిది ఆవిడ వారానికి సరిపడా తెచ్చుకున్న నీళ్ళు కిటికీల అంచులమ్మటా, కప్పు మధ్య గాలి ఆడడానికి పెట్టిన గాలిగూడు చుట్టూతా ధారగా పోస్తుంటే మకాం మకామంతా నోరెళ్ళబెట్టింది. బర్ల్ ముఖం జేగురుముద్దలా ఎర్రబడింది. ఇన్నేళ్ళుగా తన కప్పుని ఎవరూ శంకించలేదని రుసరుసలాడాడు. ఆవిడ దిగి, లోపలికి పోయి, బీరువాలన్నీ తీసి మూలమూలా చేత్తో తడిమింది. గోడలు ఎండుగా ఉన్నాయి. గాలిగూడు కింద మాత్రం ఒక్క చుక్క వేలాడుతోంది.

"చెమ్మ" అన్నాడు బర్ల్.

"చెమ్మ కాదండీ, కారుతోంది. కారుతోందని మీరు ఒక్క మాటనండి, ఇప్పుడే కొంటాను" అంది వెర్లీన్.

అందరం ఆయన నోటి వంకే చూశాం. మా మకాంలో ఆ మాట అన్నవాడు అంతవరకూ లేడు. బర్ల్ ఆ చుక్కని వేలితో తుడిచాడు, నేల చూపులు చూశాడు. చివరికి "కారుతోంది. మా ఆవిడ పోయిన ఏడాది నుంచీ కారుతోంది" అన్నాడు. బేరం కుదిరింది. గాలిగూటి చుట్టూ ఇద్దరూ కలిసి లప్పం రాశారు. ఆ రాత్రి నుంచి బర్ల్, క్లిఫర్డ్ బండిలో రెండో సోఫా మీదకి చేరాడు. తన సోఫా చివరికి ఉపయోగపడిందని క్లిఫర్డ్ మురిసిపోయాడు.

అసలు గొడవ ఆ తర్వాత. మాలో ఒక పద్ధతుంది. ఎవరి బండి ముందు పరిచిన చాప అయినా వాళ్ళ వాకిలి కిందే లెక్క. చాప అవతల నిలబడి పిలవాలి, రమ్మంటేనే కాలు పెట్టాలి. ఎంత చనువున్నా ఇది తప్పం. బర్ల్ కూడా అందరి దగ్గరా తప్పేవాడు కాదు, ఒక్క వెర్లీన్ దగ్గర తప్ప. పొద్దున్నే లప్పం ఆరిందో లేదో చూస్తానని తిన్నగా తలుపు తీసుకుని ఎక్కేసేవాడు. మధ్యాహ్నం పంపు తిప్పి చూసేవాడు. సాయంత్రం వచ్చి పక్క సీట్లో కూర్చుని, ఊరికే అద్దంలోంచి బయటికి చూసేవాడు. ఆవిడ గిన్నె ఒక కొక్కేనికి తగిలిస్తే ఈయన తీసి పాత కొక్కేనికి మార్చేవాడు. వెర్లీన్ ఆయనకి కాఫీ ఇచ్చి, తను లేచి నిలబడి తాగేది. నోట్లో నాలుక లేని మనిషని మేమంతా తెగ మెచ్చుకున్నాం. పెద్దాయనకి కాలక్షేపం అయిందని సంతోషించాం. మా ఇళ్ళలోకి వస్తున్నాడా, పెట్టాడా, మాకేం పోయింది?

ఒకరోజు ఆవిడ స్నానం చేస్తుండగా ఎక్కేశాడు. ఇంత తెర ఉందిలెండి, ఏమీ చూడలేదు, అసలే చూపు ఆనని మనిషి. కానీ ఆ సాయంత్రం మంట దగ్గర అందరి ముందూ వెర్లీన్ నోరు తెరిచింది.

"మీరు నాకు బండి అమ్మారు, ఇంకా దిగలేదు. రేపటి నుంచి చాప అవతల నిలబడి పిలవండి."

"దిగి ఎక్కడికి పోనూ?" అన్నాడు బర్ల్, ఎవరినీ చూడకుండా. వెర్లీన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా ఆవిడ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు బర్ల్ తల దువ్వుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చి చాప అవతల నిలబడ్డాడు. పని ఉన్నట్టు నటిస్తూ మకామంతా చూస్తోంది. "వెర్లీన్, ఉన్నావా?" అని పిలిచాడు. లోపల్నించి "ఉన్నానండీ. ఇప్పుడు వీలు కాదు, సాయంత్రం రండి" అని వినబడింది. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మెల్లగా తిరిగి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చాప అంచున నిలబడి ఆవిడ పేరు పెట్టి గట్టిగా పిలిచాను. తలుపు తీసింది. లోపల స్టవ్వు వెలగడం లేదు, రేడియో మోగడం లేదు, మంచం సర్దేసి ఉంది.

"ఆ ముసలాణ్ణి వాకిట్లోంచి తరిమేశావు. కొంపలంటుకునే పనేం చేస్తున్నావు లోపల?" అన్నాను.

"ఏమీ లేదు ఇర్మా. కూర్చున్నాను."

"ఉత్తినే కూర్చున్నావా?"

"ఊఁ. ఎవరైనా పిలిస్తే లేవకుండా కూర్చోవడం నాకు చేతనవుతుందో లేదో చూద్దామని."

ఆవిడ నన్ను లోపలికి రమ్మనలేదు. నేను చాప అంచు నుంచే వెనక్కి వచ్చేశాను.