ఎదురుగా వచ్చే నర్సక్క

పోయిన మంగళవారం పొద్దున రాగిగంజి కలుపుతుంటే ఎదురింటి పెద్దత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. "టీచరమ్మా, మన నర్సక్క పోయింది మా. కాఫీ తాగి కూర్చోనుందంట, అట్లే ఒరిగిపోయిందంట" అంది. పొయ్యి మీద గంజి ఉండలు కట్టింది. నేను గరిటె తిప్పలేదు.

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ పూట కూడా స్టేడియం గేటు పక్కన బ్యానరు మీద నర్సక్క నిలువెత్తున నవ్వుతూనే ఉంది. పైన తమిళంలో పెద్ద అక్షరాలు: 'మన స్టేడియం, మన ఆరోగ్యం'. ఆ గేటు లోపలికి ఆమెను రానివ్వక ఏడాది దాటింది. మనిషిని బయట నిలబెట్టి, బొమ్మను మాత్రం వాడుకున్నారు. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను గానీ, మధ్యలో వాళ్ళను తిట్టకుండా రాయడం నా వల్ల కాదు. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

మాది తొండియార్‌పేట, తమిళ పట్నంలో తెలుగువాళ్ళ వీధి. హార్బరుకు పోయే కంటైనరు లారీలతో మా రోడ్డు ఎప్పుడూ నిండిపోయి ఉంటుంది. పేవ్‌మెంటు ఉన్న చోట దాని మీద బైకులుంటాయి. మా వీధిలో ఇంటికొకరికి షుగరు. డాక్టరు "రోజూ నడవండి" అని చీటీ మీద రాసిస్తాడు, ఎక్కడ నడవాలో రాయడు. ఆ మిగిలిన సగం చీటీ రాసింది నర్సక్క.

ఆమె ప్రభుత్వ డిస్పెన్సరీలో నర్సుగా చేసి రిటైరైంది. నేను పక్క వీధి బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక నీలం వైరుబుట్ట ఉండేది, అందులో బీపీ మిషను, దూది, చిన్న టార్చిలైటు. ఎవరు కనబడినా మొహం చూసేది కాదు, కాళ్ళు చూసేది. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో లెక్కపెట్టేది. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనత్తను పక్కకు పిలిచి కుచ్చిళ్ళు ఎత్తించి మరీ చూసింది. "మొహానికైతే పౌడరు పూస్తారు మా, కాలికి ఎవురు పూస్తారు?" అని అడిగినవాళ్ళకు నర్సక్క సమాధానం. ఆ మేనత్త మరుసటి వారమే ఆసుపత్రికి పోయి మందులు మొదలుపెట్టింది.

మా వీధి చివరి స్టేడియం అప్పుడు ఎర్రమట్టి ట్రాకు. పొద్దున నలుగురైదుగురు కుర్రాళ్ళు పరుగెత్తడం, మిగతా రోజంతా కాకులు వాలడం. నర్సక్క పోయి ఆఫీసులో కూర్చుంది. ఒక రోజు కాదు, పది రోజులు కూర్చుంది. "చుట్టూ ఉండే జనం రోగాలతో ఉంటే మధ్యన ఇంత జాగా ఎందుకు సార్, చుమ్మా, ఊరికే చూసుకోడానికా?" అని సెక్రటరీని అడిగిందట. స్టేడియాల ద్వారా చుట్టుపక్కలవాళ్ళ ఆరోగ్యం బాగుచేయాలని పై నుంచి అప్పుడే ఏదో ఉత్తర్వు వచ్చి ఉన్నట్టుంది. ఆయనకూ చూపించుకోవడానికి ఒక పని కావాలి. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా మా వీధి ఆడవాళ్ళకు చిన్న గేటు తెరిచారు.

మొదటిరోజు ముప్ఫై మందిమి పోయాం. గుడికి పోయిన అలవాటు కదా, చెప్పులన్నీ గేటు బయట వరసగా విడిచాం. లోపలికి పోయి అదే అలవాటున ప్రదక్షిణంగా, మైదానాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడక మొదలుపెట్టాం. కుర్రాళ్ళు అటునుంచి పరుగెత్తుకుంటూ వచ్చి మా మీద పడబోయారు. కోచ్ విజిలు ఊది ఊది అలిసిపోయాడు. ట్రాకు మీద ఎవరైనా మైదానాన్ని ఎడమచేతికి పెట్టుకునే తిరగాలట. పెద్దత్త అక్కడే చతికిలబడింది. "అట్ల తిరిగేది కాటికాడ. నేను బతికుండంగా అప్రదక్షిణం తిరగను" అంది. మిగతావాళ్ళం కూడా ఆమె పక్కనే నిలబడ్డాం. నేను చదువుకున్నదాన్నే, కానీ నా కాలు కూడా అటు పడలేదు.

నర్సక్క మాకు గంటసేపు నచ్చజెప్పింది. తర్వాత కోచ్ దగ్గరికి పోయి, అన్నిటికంటే బయటి వరస మాకు ఇప్పించింది. "మీ ఇష్టం వచ్చినట్టే తిరగండి. ఎట్ల తిరిగినా కరిగేది షుగరే" అంది. ఆమె మాత్రం మాతో కలిసి నడవలేదు. మాకు ఎదురు తిరిగి, ఎడమచేతి వాటంగా నడిచేది. దానివల్ల ఒక చుట్టుకు రెండుసార్లు ప్రతి మనిషికీ ఎదురయ్యేది. ఎదురైనప్పుడల్లా ఒక ప్రశ్న. "నిన్న మాత్ర వేసుకున్నావా?" "ఊపిరి ఎందుకు అట్ల లాగతా ఉండావు?" "అప్పళాలు ఎన్ని తిన్నావు, నిజం చెప్పు." మేం అబద్ధం చెప్పి తప్పించుకున్నా, సగం చుట్టు తిరిగేసరికి మళ్ళీ ఎదురయ్యేది.

అట్లా ఒకరోజు ఎదురుగా వచ్చి నా ముందు ఆగిపోయింది. "టీచరమ్మా, ఎడమకాలు ఈడుస్తా ఉండావు." నొప్పేమీ లేదన్నాను. నిజంగానే లేదు. గ్యాలరీ మెట్టు మీద కూర్చోబెట్టి టార్చి వేసి పాదం చూసింది. లోపల మేకు మొన విరిగి ఉంది, చుట్టూ చీము. షుగరు వల్ల నాకు తెలియనే లేదు. ఇంకొన్ని రోజులు ఆగితే పాదమే పోయేదని డాక్టరు అన్నాడు. నెల రోజులు ఆమే వచ్చి కట్టు కట్టింది. ఆ తర్వాత మా అందరి చేతా ట్రాకు మీద చెప్పులు తొడిగించింది. "దేవుడు కోపం చేసుకుంటే నేను మాట్లాడుకుంటా" అంది. ఈ రోజు నేను రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నానంటే అది ఆమె చలవే.

మా నడక బాగా సాగుతోందని అందరికీ తెలిసింది. స్టేడియంలో సభ పెట్టారు. చీరల మీద తెల్ల టీషర్టులు తొడిగి, నెత్తిన టోపీలు పెట్టి మమ్మల్ని వరసగా నిలబెట్టారు. నర్సక్క నా చేతికి బీపీ పట్టీ చుడుతుంటే ఫోటో తీశారు. తర్వాత బ్యానరు వేసినప్పుడు నా మొహం కత్తిరించేశారు, నా చెయ్యి మాత్రం ఇప్పటికీ ఉంది. సెక్రటరీ మైకులో "ఇదు ఉంగ వీడు" అన్నాడు. ఇది మీ ఇల్లే అని. కొత్తగా సింథటిక్ ట్రాకు వేస్తున్నామనీ, ఆరునెలలు మూసి ఉంటుందనీ చెప్పాడు. నర్సక్క అందరి ముందూ లేచి అడిగింది: "వేసినాక మమ్మల్ని రానిస్తారా సార్?" ఆయన చేతులు జోడించి, మొదటి అడుగు మీదేనన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పింది. "నాది పూచీ" అంది.

తెరిచిన రోజు పొద్దున ముప్ఫై మందిమీ ఆ తెల్ల టీషర్టులే వేసుకుని పోయాం. వాచ్‌మన్ చిన్న గేటుకు అడ్డం నిలబడ్డాడు. నర్సక్క పైన బ్యానరు చూపించి, "ఆడ ఉండేది ఎవురప్పా?" అంది. అతను తల దించుకున్నాడు. అతని బీపీ కూడా శనివారం శనివారం ఆమే చూసేది. "తెరియుం మా, తెలుసు. ఆర్డరు. లోపలికి రాకూడదు" అన్నాడు.

చాలాసేపటికి సెక్రటరీ బయటికి వచ్చాడు. చెప్పులతో ట్రాకు పాడవుతుందన్నాడు. చీరలు పరుగెత్తేవాళ్ళకు అడ్డమన్నాడు. ఆఖరికి, "మీవాళ్ళు రివర్సులో నడుస్తారు కదమ్మా, పిల్లలకు ప్రమాదం" అన్నాడు. రెండేళ్ళు అట్లాగే నడిచాం, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. మా మీద ప్రేమతో ఆమె సంపాదించిపెట్టిన వీలునే తీసి ఆమె మొహాన కొట్టారు.

ఇంత జరిగాక మావాళ్ళేం చేశారు? సెక్రటరీని ఏమీ అనలేక ఆమె మీదికి తిరిగారు. "నువ్వే కదక్కా పూచీ అంటివి? మా ఫోటోలు తీయించి, ఇప్పుడు రోడ్డున నిలబెడితివి" అన్నారు. ఆమె నా వైపు చూసింది. ఇన్నేళ్ళు పిల్లల ముందు గొంతెత్తి మాట్లాడినదాన్ని, ఆమె నిలబెట్టిన కాళ్ళ మీద ఉన్నదాన్ని, ఒక్క మాట అంటానని చూసింది. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. సెక్రటరీ ఆమెను మోసం చేశాడు సరే, ఆయన ఆమెకు ఏమవుతాడని? నేను కావలసినదాన్ని. ఆ లెక్కన నాదే పెద్ద ద్రోహం.

ఆ తర్వాత నడక ఎక్కడివాళ్ళం అక్కడ మానేశాం. నర్సక్క ఒక్కతే మానలేదు. లారీల పక్కనే, స్టేడియం ప్రహరీగోడ వెంట బయటినుంచి తిరిగేది. గోడ ఎడమచేతి వైపు, బుట్ట కుడిచేతిలో. బస్సు కిటికీలోంచి చూసి రెండుసార్లు నేను మొహం తిప్పుకున్నాను.

పోయిన నెల ఆమే మా ఇంటికి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, "కాలు చూపియ్యి" అంది. నేను క్షమించమని ఏదో మొదలుపెట్టాను. చీలమండ నొక్కుతూ, "వాళ్ళ మీద కోపం గేటుకాడ పెట్టు మా, కాళ్ళ మీద చూపించొద్దు. నీరు దిగతా ఉంది, రేపటినుంచి నడువు" అంది. సరేనన్నాను. మర్నాడు నడవలేదు.

మంగళవారం మధ్యాహ్నం నేను ఆమె ఇంటి ముందు నిలబడి ఉంటే వాచ్‌మన్ ఒక పెద్ద పూలచక్రం మోసుకుని వచ్చాడు. దాని మీద స్టేడియం పేరు, 'మా ఆరోగ్య దేవత' అన్న మాట. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "నువ్వు రా నాయనా. అది మాత్రం లోపలికి రాకూడదు" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వినబడిందట. ఏడాది ఆలస్యంగా లేచిన గొంతు. అతను చక్రాన్ని గోడకు ఆనించి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

మా వాడుక ప్రకారం ఆడవాళ్ళం వీధి చివర ఆగిపోయాం. ఆమెను తీసుకుపోయే బండి మలుపు తిరిగింది. ఇంటికి పోయి తలస్నానం చేయాలి, ఎవరూ కదల్లేదు. పెద్దత్త కొంగు నడుముకు చుట్టి, "ఒక్క చుట్టు పోదాం రాండి" అంది. ప్రహరీగోడ దగ్గరికి పోయి, ఎటు తిరగాలని ఎవరినీ అడగకుండా గోడను ఎడమచేతి వైపు పెట్టుకుంది. వెనక మేమందరం. లోపల విజిలు వినబడుతోంది, పక్కన లారీలు పోతున్నాయి. బ్యానరు మీది నా చెయ్యినీ, ఆమె నవ్వునూ దాటుకుని నడిచాం. అలవాటు కొద్దీ ప్రతి మలుపులోనూ తలెత్తి చూశాను, నీలం బుట్ట కోసం. చుట్టంతా పూర్తయింది. ఆ రోజు అందరం ఆమె నడిచిన వైపే నడిచాం, ఎదురుగా ఎవరూ రాలేదు.