పాదం తిప్పింది, అంతే

మా వీధి బడి మైదానంలో పెంకులు ఫటఫటా పగులుతున్నాయి. ఆడపిల్లలకు మూడు రోజుల ఆత్మరక్షణ శిక్షణట. పెంకు పగలగొట్టిన ప్రతి పిల్లకూ సర్టిఫికెట్టట. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎనభైల్లో, భద్రాచలం దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో, విమల టీచర్ ఏడాదిపాటు మా చేత ఒక్క పెంకు కూడా ముట్టించలేదు.

ముదిగొండ మనిషే అయినా పూనా మిలిటరీ క్వార్టర్లలో పెరిగి, అక్కడ ఐకిడో అనే జపాను ఆత్మరక్షణ విద్య నేర్చుకుని, మాకు ఆటల టీచరుగా వచ్చింది. తొలిరోజు నేల మీద ముగ్గుపిండితో పాదాల గుర్తులు వేసి, వాటి మీద అడుగులు వేయమంది. ముగ్గు తొక్కితే ఇంట్లో వీపు విమానం మోత మోగేది మాకు. ముప్పై మందిమీ గుర్తులు దాటుకుంటూ గెంతాం. "ఏందే గీ కోతి గంతులు?" అని కసిరి, సంగతి తెలిశాక పడీ పడీ నవ్వింది. మర్నాటి నుంచి హాస్టలు పొయ్యిలోని బూడిదతో గీసింది. ముందు పాదం మీద తిరగడం, వెనక పాదాన్ని గుండ్రంగా లాక్కోవడం. ఆర్నెల్లు అదే పని. "చెయ్యి పట్టినోణ్ణి కొట్టకు, గుంజుకోకు. ఆని పక్కకు తిరుగు, ఆడు చూసే దిక్కే నువ్వూ చూడు" అనేది. నాకు విసుగొచ్చి, "కొట్టుడెప్పుడు నేర్పుతరు టీచర్?" అన్నాను.

"ముందు నిలబడుడు నేర్చుకో" అంది.

వార్షికోత్సవానికి ముందు హెడ్మాస్టరు మైదానంలోకి వచ్చాడు. "ఆఫీసర్ సార్ వస్తుండు. పిల్లలతోటి పెంకులు పలగొట్టించాలె. గీ డ్యాన్సులేంది?"

"చేతులు ఇరుగుతయ్ సార్. నేను చేయించ."

అందరి ముందూ కాదనిపించుకున్న రోషంతో ఆయన ఆమె మణికట్టు పట్టుకుని బరబరా లాగాడు. ఆమె గుంజుకోలేదు. ఆయన లాగిన వైపే ఒక అడుగు వేసి పాదం తిప్పింది. మరుక్షణం ఆయన మా వైపు తిరిగి, ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. ఒంటి మీద గీత పడలేదు. మాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది.

తన మీద చెయ్యి చేసుకుందని ఆయన పైకి రాసి పంపాడు. ఆడమనిషిని చెయ్యి పట్టి ఈడ్చినవాడు బాధితుడట, విడిపించుకున్నది నేరస్తురాలట! విచారణకొచ్చిన అధికారి మమ్మల్ని వరసగా నిలబెట్టి, "సార్‌ను టీచర్ కొట్టిందా?" అని అడిగాడు. పక్కనే హెడ్మాస్టరు. హాస్టల్లో ఉంచేదీ, ఇంటికి తరిమేదీ ఆయనే. ముప్పై మందిమీ తలలు దించుకున్నాం. మా మౌనాన్ని అవునని రాసుకున్నారు. ఆమె ఉద్యోగం పోయింది. బస్సెక్కుతూ నాతో, "అడుగు మర్చిపోకే" అంది. తిట్టినా బాగుండేది.

మర్చిపోలేదు. రోజూ పొద్దున్నే వంటింట్లో, పాలు కాగేలోపు, పాదం తిప్పుతాను. ముందు నిలబడటం నేర్చుకోమన్న మనిషి కోసం నిలబడాల్సిన రోజున నేను నిలబడలేదు. అందుకే తిరిగిన ప్రతిసారీ, ఎదురుగా ఉన్న గోడకు చెబుతాను: "కొట్టలేదు సార్. పాదం తిప్పింది, అంతే."