ప్రాగ్ కిటికీ దగ్గర నా నోట్స్

అమెరికా వచ్చి ఏడేళ్ళయినా, ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే హిస్టరీ లెక్చరర్‌ని అనే చెప్పేదాన్ని. పక్కనున్న మా ఆయన గొంతు సవరించుకునేవాడు. నాది హెచ్-4 వీసా. మాలాంటివాళ్ళకి పని చేసుకునే అనుమతి ఇంకా రాని రోజులవి. ఆయన ఉద్యోగం చేస్తాడు, నేను ఆయన భార్యగా ఉంటాను, అంతే. రాజమండ్రిలో ఆరేళ్ళు డిగ్రీ పిల్లలకి యూరప్ చరిత్ర చెప్పినదాన్ని, ప్లెయిన్స్‌బరోలో పులిహోర బాగా చేసే ఆవిడగా స్థిరపడ్డాను. లెక్చరర్‌ననే మాట ఒక్కటే నాకంటూ మిగిలింది. దాని జోలికి ఎవరొచ్చినా ఊరుకునేదాన్ని కాదు.

అందుకే ఆయన యూరప్ ట్రిప్ అనగానే ప్రాగ్ అన్నాను. ఆయనకి పారిస్ చూడాలని ఉంది. ఆఫీసులో అందరూ అదే చూసొచ్చారట. ముప్పై ఏళ్ళ యుద్ధానికి కారణమైన కిటికీ ప్రాగ్‌లో ఉందని, ఆరేళ్ళు దాని గురించి పాఠం చెప్పి కూడా చూడకపోతే నా బతుకెందుకని వాదించాను. కిటికీ కోసం ఎవరైనా సముద్రం దాటతారా అని గొణుగుతూనే రెండు రోజుల గైడెడ్ టూర్ బుక్ చేశాడు.

మా గైడ్ ఆ ఊరావిడే. అరవై ఏళ్ళుంటాయి, నడకలో మాత్రం మమ్మల్నందరినీ ఓడించింది. మొదటిరోజు వల్టావా నది ఒడ్డున, పాత రాతివంతెన మీద తిప్పింది. మా గోదావరి ముందు ఇది కాలవ అని పైకే అనేశాను. గోదావరి పక్కన పుట్టినవాళ్ళకి ఏ నదిని చూపించినా ఇదే జబ్బు. ఆవిడ నొచ్చుకోలేదు. ప్రతి విగ్రహం దగ్గరా ఆగి, ఏమైనా సందేహాలున్నాయా అని అడిగేది. మిగతావాళ్ళు బూట్లు చూసుకునేవారు, నేను చెయ్యెత్తేదాన్ని. మధ్యాహ్నానికల్లా మా ఆయన గుంపు చివరికి జరిగి, నేనెవరో తెలియనట్టు నడవడం మొదలుపెట్టాడు.

రెండోరోజు కోట. మెట్లెక్కి, పెద్ద హాలు దాటి, ఓ చిన్న గదిలోకి వెళ్ళాం. కిటికీ అక్కడుంది. మా స్టాఫ్‌రూమ్ కిటికీ కంటే కాస్త పెద్దది, అంతే. అయినా నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

నాలుగు వందల ఏళ్ళ కిందట చక్రవర్తి మీద కోపంతో ఇక్కడి ప్రభువులు ఆయన అధికారులిద్దర్నీ, ఒక గుమాస్తానీ ఈ కిటికీలోంచి తోసేశారని, ముప్పై ఏళ్ళ యుద్ధం దాంతోనే మొదలైందని గైడ్ చెప్పింది. నేను తలూపుతూ విన్నాను. కానీ వాళ్ళెవరూ చావలేదని కూడా చెప్పింది.

చెయ్యెత్తాను. ముగ్గురూ చచ్చిపోయారని, ఆరేళ్ళు ఆ పాఠం చెప్పానని అన్నాను. దేవదూతలు పట్టుకున్నారని కొందరు, పెంటకుప్ప మీద పడ్డారని కొందరు అంటారు గాని, బతికిన మాట నిజమని ఆవిడ మర్యాదగానే చెప్పింది. ఆ గుమాస్తాకి తర్వాత 'ఎత్తు నుంచి పడ్డ దొర' అన్న అర్థం వచ్చే బిరుదు కూడా ఇచ్చారట. అందరూ నవ్వారు. సంచిలోంచి పుస్తకం తీసి పేజీ చూపించి, మీరు ఏ పుస్తకంలో చదివారని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

అక్కడ దొరికిపోయాను. నేను చెప్పింది పుస్తకం చూసి కాదు. మా కాలేజీల్లో పాఠమంటే నోట్స్ డిక్టేట్ చేయడమే. ముగ్గురూ అక్కడికక్కడే మరణించారన్న వాక్యం మా లెక్చరర్ నాకు రాయించారు. ఆయనకి వాళ్ళ లెక్చరర్ రాయించి ఉంటాడు. అంత ఎత్తు నుంచి పడ్డవాడు చావక ఏం చేస్తాడని ఎప్పుడో ఎవరో అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక్కసారైనా పుస్తకం తెరిచి చూడలేదు. ఆరు బ్యాచ్‌లు అదే రాసి పాసయ్యాయి.

బయటికొచ్చి కోట మెట్ల మీద కూలబడ్డాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోనీలే, నాలుగొందల ఏళ్ళయింది కదా. ఎలాగూ ఇప్పటికి పోయే ఉంటారు," అన్నాడు.

ఇంకోరోజైతే నవ్వేదాన్ని. ఆరోజు ఏడుపొచ్చింది. ఏడేళ్ళుగా నేనెవరినని చెప్పుకుంటున్నానో అది కూడా సరిగ్గా లేదు. అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చి ఏడుపు కూడా ఆగిపోయింది. నా మొదటి బ్యాచ్ కుర్రాడొకడు ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరర్. అమెరికా వచ్చేటప్పుడు నా నోట్సంతా ఆస్తి రాసిచ్చినట్టు అతనికే ఇచ్చి వచ్చాను. అక్కడ మధ్యాహ్నం మూడున్నర అయివుంటుంది. ఫోన్ ఇమ్మంటే మా ఆయన రోమింగ్ అన్న మాటైనా ఎత్తకుండా ఇచ్చాడు.

అతను క్లాసులోనే ఉన్నాడు. సంగతంతా చెప్పాను.

"పోయిన వారమే చెప్పాను మేడమ్," అన్నాడు. "ముగ్గుర్నీ చంపేశాను."

తప్పు నాదని పిల్లలతో చెప్పమన్నాను.

"నేనెందుకు మేడమ్, మీరే చెప్పండి. థర్డ్ ఇయర్ వాళ్ళు ఇక్కడే ఉన్నారు, స్పీకర్ ఆన్ చేస్తాను."

అవతల బెంచీలు కదిలాయి, పేజీలు తిరిగాయి. మాకోసం వెనక్కొచ్చిన గైడ్ నన్ను చూసి, మా ఆయనతో ఏదో మాట్లాడి, మిగతావాళ్ళని ఆగమని సైగ చేసింది. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని పాఠం చెప్పడం నాకు రాదు.

పాత వాక్యం కొట్టేసి కొత్తది రాసుకోమన్నాను. నాకే ఆత్రం ఎక్కువై గబగబా చెప్పుకుపోతుంటే, వెనక బెంచీ నుంచి కాబోలు, ఒక ఆడపిల్ల గొంతు సన్నగా వినపడింది.

"మేడమ్, కొంచెం స్లోగా చెప్పండి. రాసుకుంటున్నాం."

మళ్ళీ మొదట్నుంచి, నెమ్మదిగా చెప్పాను.