మూత మీది మైనం

1997 జనవరిలో మద్రాసులోని ఒక రసాయనాల కంపెనీ నన్ను మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు ఇండెంటు ఏజెంటుగా వేసుకుంది. ఇండెంటు ఏజెంటు సరుకు కొనడు, అమ్మడు. ఎవరికి ఏ రసాయనం ఎంత కావాలో కాగితం మీద రాసి కంపెనీకి పంపుతాడు. సరుకు నేరుగా కొన్నవారికి చేరుతుంది, ఏజెంటుకు కమీషన్ వస్తుంది. చేతికి మరకంటని ఉద్యోగమని మురిసిపోయాను.

నా ఖాతాదారుల్లో ముఖ్యుడు మదనపల్లెలో పట్టునూలుకు రంగులద్దే బాషా సాబ్. లేత రంగు ఎక్కాలంటే ముందు నూలును తెల్లబరచాలి. అందుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. అది పెద్ద ప్లాస్టిక్ క్యాన్లలో వస్తుంది. క్యాను మూతకు సూది దూరేంత రంధ్రం ఉంటుంది.

ఆ రంధ్రం నా ప్రాణం తోడేసింది. లారీ కుదుపులకు అందులోంచి చుక్కలు కారేవి. క్యాన్లు తడిగా ఉన్నాయని కుప్పంలో ఒకాయన రెండుసార్లు సరుకు తిప్పి పంపాడు. ఏప్రిల్‌లో మూడో లోడు వచ్చింది. మదనపల్లె సరుకూ కుప్పం సరుకూ పుంగనూరు ట్రాన్స్‌పోర్టు గోడౌన్‌లో దిగి విడిపోయేది. అక్కడే మైనం కరిగించి, మూతలన్నిటికీ పూయమని హమాలీ రెడ్డెప్పకు పురమాయించాను.

అతను రెండు క్యాన్లకు పూసి ఆగాడు. "అప్పా, ఈ బొక్క వాళ్ళు యాల పెట్టినారో ఒక మాట అడిగి సూడకూడదా?"

నాకు తెలుసులే, నువ్వు కానీ అన్నాను. నిజానికి తెలియదు. తెలియదని హమాలీ ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది, అంతే.

నాలుగో రోజు మధ్యాహ్నం బాషా సాబ్ ఫోన్ చేశాడు. "క్యాన్లు పొట్టలు ఉబ్బి ఉండాయప్పా. మూత తీసి సూడమంటావా?"

ముట్టుకోవద్దని చెప్పి, ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తి కంపెనీ సాంకేతిక అధికారి శ్రీనివాసన్ గారికి ఫోన్ చేశాను. పెరాక్సైడ్ నిలవ ఉన్నంతకాలం కొద్దికొద్దిగా ఆక్సిజన్ వదులుతుందనీ, వేడికి ఇంకా ఎక్కువ వదులుతుందనీ, అది బయటికి పోవడానికే ఆ రంధ్రమనీ అప్పుడు తెలిసింది. దారి మూసుకుంటే క్యాను పగలవచ్చు, మీద పడితే కళ్ళు పోతాయి. అందరినీ బయటికి పంపండి, దూరం నుంచి పైపుతో నీళ్ళు కొట్టండి, మూత జోలికి ఎవరూ పోవద్దు అన్నారాయన.

అటునుంచటే బాషా సాబ్ రంగుల షెడ్డుకు పరుగెత్తాను. లోపల ఆయన తమ్ముళ్ళిద్దరూ, నూలు చుట్టే ఆడవాళ్ళూ ఉన్నారు. అందరినీ వీధి చివరికి పంపించి, గోడ చాటు నుంచి పైపు పట్టుకున్నాను. చీకటి పడేదాకా క్యాన్ల మీద నీళ్ళు కొడుతూనే ఉన్నాను.

మర్నాడు శ్రీనివాసన్ గారు వచ్చారు. కుప్పం క్యాన్లు ఇంకా పుంగనూరులోనే ఉంటే దారిలో వాటిని సరిచేసి మరీ వచ్చారు. ముఖానికి కవచం, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ఒక్కో మూత మీది మైనం మెల్లగా గీకారు. ప్రతి క్యానూ బుస్సుమంది. ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత ప్రమాద నివేదిక ఫారం తీసి, మూతలు మూసింది ఎవరని అడిగారు. లారీ డ్రైవర్ మీదికి నెట్టేయడం సులువు. రెడ్డెప్ప కూడా నోరు విప్పడు. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చిందని దాచను. "నేనే" అన్నాను.

ఆయన అలాగే రాశారు. కింద ఇంకో వాక్యం చేర్చారు: "రంధ్రం ఎందుకో ఏజెంటుకు చెప్పవలసింది నేను, చెప్పలేదు." సంతకం చేశారు. ఆ వాక్యం వల్లనే నా ఏజెన్సీ నిలిచింది. ఆయన మేలు ఈ జన్మకు మరువను.

బాషా సాబ్ మాత్రం ఊరుకోలేదు. "నా తమ్ముళ్ళ కండ్లు పోయుంటే యాడికి పోయి ఏం జెప్పేవాడివప్పా?" అన్నాడు. తర్వాత మళ్ళీ ఆయనే, "నేనేనని నువ్వే జెప్పినావు. అందుకే నీ దగ్గరే తీసుకుంటా. కానీ ఏ మందు పంపినా దాని గుణమేందో ముందు నాకు జెప్పల్ల" అన్నాడు.

వారం తిరక్కుండా పుంగనూరు వెళ్ళి, రెడ్డెప్పకు రంధ్రం సంగతి చెప్పి, ఆ రోజు తెలియకపోయినా తెలుసన్నానని ఒప్పుకున్నాను. అతను నవ్వి టీ తెప్పించాడు.

2008లో మానేసేదాకా, సరుకు గుణం చెప్పకుండా ఒక్క ఇండెంటూ రాయలేదు. అంతకుముందు ఎవరికి ఎంత కావాలో రాసి పంపితే నా పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి. సరుకులోని అపాయం గురించి తయారుచేసినవారికి తెలిసింది వాడేవారిదాకా చేరకపోతే, మధ్యలో మనిషి ఉన్నా లేనట్టే. ఎవరి కళ్ళూ పోకుండా ఇది నేర్చుకున్నాను. అందులో నా గొప్పేమీ లేదు.