బుల్లెమ్మ పళ్లెంలో రొయ్యపిల్ల

దివిసీమలో ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర, చెరువుల్లో పెంచే రొయ్యపిల్లను ఏరడంలో బుల్లెమ్మను మించినవాళ్ళు లేరు. ఊరంతా ఒప్పుకున్న మాట ఇది. ఆ ఊరు ఇంకొకరి గొప్ప ఒప్పుకోవడమంటే మాటలా! దారప్పోగంత ఉండే పిల్ల, నీళ్ళ రంగే దాని రంగు. తెల్ల పళ్లెంలో రెండు నల్లచుక్కల్లాంటి కళ్ళు కదిలితే చాలు, ఆల్చిప్పతో ఎత్తేసేది.

అందుకే బందరు కాలేజీలో పరిశోధన చేస్తున్న లహరి ఏటా కార్తీకంలో ఆవిడ దగ్గరికి వస్తుంది. అదే మొగ, అదే వల, పదిసార్లు లాగాలి. పడ్డ పిల్లల లెక్క బుల్లెమ్మ చెబితే లహరి రాసుకుంటుంది. కళ్ళద్దాలు పెట్టుకున్నా లహరికి, బుల్లెమ్మ వేలు పెట్టి చూపిస్తే గాని ఒక్కటీ ఆనదు. మొదటి ఏడు మూడువందల పన్నెండు. తర్వాత నూట నలభై. నిరుడు పందొమ్మిది.

“మంచు సముద్రాల్లోనూ ఇంతే మామ్మగారూ. క్రిల్ అని, రొయ్యలాంటిదే ఉంటుంది. దాని పిల్లల్ని ఏటేటా వలేసి లెక్కపెడతారు. ఒక ఏడు కుప్పలుగా పడతాయి, ఒక ఏడు అసలుండవు” అంది లహరి.

“పాపం, ఆ చలిలో ఏ ముసల్ది కూర్చుని ఏరతందో!”

ఈ ఏడు పదిసార్లు లాగినా బుల్లెమ్మకు ఒక్కటీ కనపడలేదు. ఏటికేదో అయిందని గొణుగుతుంటే పక్కింటి వీరలక్ష్మి నవ్వింది.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏటినంటావేంటి పిన్నీ? నీ కళ్ళకి పొరలొచ్చాయి, చూపించుకో.”

ఇంకొకప్పుడైతే వీరలక్ష్మి ఏడు తరాలనూ ఏకిపెట్టేది. ఆ రోజు మాత్రం బుల్లెమ్మకు ప్రాణం లేచొచ్చింది. తప్పు తన కళ్ళదైతే ఏరు బాగున్నట్టే కదా!

“ఇప్పుడేం రాయకమ్మా. కళ్ళు బాగుచేయించుకుని మళ్ళీ చూసి చెబుతాను” అని లహరి చేత పుస్తకం మూయించింది.

బందరు ఆస్పత్రిలో నిజంగానే శుక్లాలన్నారు. కళ్ళు పాడయ్యాయని అంత సంబరపడ్డ మనిషిని ఆ డాక్టరు చూసి ఉండడు.

ఆపరేషన్ చేసి పొరలు తీసిన నెలకి లహరి మళ్ళీ వచ్చింది. పదిసార్లూ లాగారు. బుల్లెమ్మ పళ్లెం మీదికి వంగింది. ఇసుక రేణువులు కనపడ్డాయి. మడచెట్టు ఆకు ముక్క మీద ఈనెలు కనపడ్డాయి. నీళ్ళ అడుగున పళ్లెం గీతలు కూడా కనపడ్డాయి. నీళ్ళు మార్చి ఇంకోసారి చూసింది. ఏడుపొచ్చింది గాని, కళ్ళు తడిస్తే చూపు చెదురుతుందని దిగమింగుకుని మూడోసారీ చూసింది.

“సున్నా వేసుకో తల్లీ” అంది.

లహరి రాసుకుంది.

“డాక్టరుగారిని ఓ మాట అడుగుతావా అమ్మా? తీసిన పొర మళ్ళీ పెడతారేమో.”