కుర్చీల మావయ్య చూడని కొలత

వీధిలో అందరికీ ఆయన కుర్చీల మావయ్య. చేసేది వడ్రంగం. తలుపులూ మంచాలూ అడిగితే మొహం ముడుచుకుంటాడు గానీ, కుర్చీ అంటే ప్రాణం లేచొస్తుంది. టేపు ముట్టుకోడు. వచ్చినవాళ్ళని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఊసుపోని కబుర్లు చెబుతూ, వాళ్ళు ఎటు ఒరుగుతున్నారో, భుజాలు ఎలా జారుస్తున్నారో చూస్తాడు. "నోరు అబద్ధమాడుతుంది గానీ నడుము ఆడదు" అంటాడు. అలా చూడకుండా నలభై ఏళ్ళలో ఆయన చేసిన కుర్చీ ఒక్కటే. అది భార్యది.

నేల మీద కూర్చోవద్దని డాక్టరు ఆమెకి గట్టిగా చెప్పాక మొదలుపెట్టాడు. కట్టుకున్న భార్యకి వేరే కొలతలు చూడాలా అనుకున్నాడు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న టేకు బయటికి తీశాడు. వెనక కాళ్ళ నుంచి తల ఆనే దాకా కుర్చీ వీపంతా ఒకే వంపు, ఎక్కడా అతుకు కనపడదు. మూడు నెలలు పట్టింది. బతుకులో ఎప్పుడూ ఇంత మంచి పని చేయలేదని ఆయనకే తెలుసు. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఆమె కూడా కూర్చుని "బాగుందండీ" అంది.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం, మరిచిపోయిన సుత్తి కోసం ఇంటికొస్తే, ఆమె గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది. ఆయనకి ఒళ్ళు మండింది.

"డాక్టరు మాట చెవికెక్కలేదా? ఎవరి కోసం చేశాను ఇదంతా?"

ఆమె మెల్లగా లేచి కుర్చీలో కూర్చుంది. కుర్చీ పైభాగం ఆమె వంగిన వీపుని ముందుకు తోసేస్తోంది. నడుము దగ్గర పిడికిలి పట్టేంత ఖాళీ.

"కుర్చీకి వంక పెట్టడానికి లేదు. కానీ ఇది మీరు పెళ్ళి చేసుకున్న పిల్లకి సరిపోతుంది. నా వీపు వంగి ఎన్నేళ్ళయిందో మీరు చూడనే లేదు" అంది.

మావయ్యకి సిగ్గేసింది. ఊరివాళ్ళ నడుములన్నీ కంఠతా వచ్చిన మనిషికి ఇంట్లో మనిషి కంటికి ఆనలేదు. దుకాణానికెళ్ళి రంపం తెచ్చాడు.

"వద్దండీ, వంపు పాడైపోతుంది. దిండు పెట్టుకుంటాను."

"దిండు పెడితే నా తప్పు నాకు కనపడదు" అని, కుర్చీ వీపుని సగానికి కోసేశాడు. కోస్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళు, "ఇంత పనివాడివి, ఈ మొండి కుర్చీ ఏంటి మావయ్యా?" అంటారు. ఆమే జవాబు చెబుతుంది.

"కూర్చుంటే తెలుస్తుంది. కానీ నేను లేవను."