బీరువాలో దాచిన బూట్లు

ఆ రోజు మధ్యాహ్నం నమాజులో నుదురు నేలకు ఆనించి సజ్దా చేశాను. లేవబోతే కుడి మోకాలు లేవనంది. గోడ పట్టుకుని లేచాను. మిరపకాయల సీజన్ కదా, రోజంతా గొంతుక్కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాను, అలసటేలే అనుకున్నాను.

నొప్పి మందు రాస్తే ఓ పూట తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. మోకాలు వాచాక మా ఆయన గుంటూరు తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు నన్ను వట్టి కాళ్ళతో నడిపించి, వెనక నుంచి పాదాలు చూశారు.

"ఫ్లాట్ ఫుట్ అమ్మా. పాదం లోపలికి ఒరుగుతోంది. దాంతో మోకాలి మీద బరువు సమంగా పడట్లేదు, ఒకవైపు ఎముకల మధ్య ఉండే మెత్తటి కార్టిలేజ్ అరిగింది. అరిగింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి" అన్నారు. ఫిజియోథెరపీ రాశారు. పాదానికి ఆసరాగా లోపల మెత్త ఉన్న బూట్లు ఇప్పించి, పనిలో తప్పకుండా వేసుకోమన్నారు.

"మళ్ళీ సజ్దా చేయగలనాండి?" అని అడిగాను.

"చూద్దాం, ముందు వాపు తగ్గనివ్వండి."

ఆ 'చూద్దాం' మీదే ఆశ పెట్టుకుని ఇంటికొచ్చాను.

కాయలు ఆరబోసే కళ్ళంలోకి మా వైపు ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. తినే పంట, లక్ష్మి అంటారు. నేనూ ఏనాడూ పెట్టలేదు. పైగా మంచి చెప్పులు ఊరికి వెళ్ళేటప్పుడు వేసుకోవడమే నాకు తెలుసు. బూట్లు కవరులో చుట్టి బీరువాలో పెట్టి, సీజనంతా కళ్ళంలోని సిమెంటు నేల మీద వట్టి కాళ్ళతోనే పనిచేశాను.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరుగారు బూటు తిరగేసి చూశారు.

"అడుగు కొత్తగానే ఉందే. ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?"

"మీ దగ్గరికి వచ్చేటప్పుడండి."

ఆయన నవ్వలేదు. మళ్ళీ ఎక్స్‌రే తీయించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించారు. "ఇంకా అరిగింది. ఇక మోకాళ్ళు నేలకు మోపకండి. నమాజు కుర్చీలో చేసుకోండి" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

కళ్ళం రైతు బాబాయ్‌కి సంగతి చెప్పాను. "కళ్ళానికని వేరే జత పెట్టుకోవచ్చుగా అమ్మాయ్? కడిగి ఇక్కడే ఉంచుకుంటే నేను వద్దంటానా? ఒక్క మాట అడగకపోయావా" అన్నాడు. అడగొచ్చని నాకు తట్టనే లేదు.

ఇప్పుడు ఆ రెండో జత వేసుకుని, ఎత్తు స్టూలు మీద కూర్చుని కాయలు ఏరుతున్నాను. వాపు లేదు. మెట్లు మెల్లగా ఎక్కుతాను. నాలాంటి వాళ్ళకు చెప్పేది ఒక్కటే. డాక్టరు ఇచ్చిన బూట్లు ఊరికి కాదు, పనికి వేసుకోండి. అక్కడ వేసుకోకూడదనుకుంటే, నోరు తెరిచి ఒకసారి అడగండి.

తగ్గింది కదా అని అందరూ సంతోషిస్తున్నారు. నమాజయ్యాక కుర్చీలోనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే మా ఆయన, "కూర్చుని చేసినా అల్లా వింటాడే" అంటాడు.

వింటాడని నాకూ తెలుసు. నాకు నేల కావాలి.